క్యారెట్‌కు మూడు గంటల శిక్ష ఎందుకు?

సాయంత్రాలు చల్లబడటం మొదలైతే చాలు, బీఫ్ సూపు ఎలా చేయాలో చెప్పే రాతలకు కరవుండదు. మొన్న చదివిన ఒకదానిలో రచయిత నాలుగు ముక్కల్లో పని ముగించేశారు. మాంసం, క్యారెట్, బంగాళాదుంప, బీన్స్, క్యాబేజీ, టమాటా అన్నీ పెద్ద గిన్నెలో వేయండి, నీళ్ళు పోయండి, మూత పెట్టండి, మూడు గంటలు మరిగించండి. మిగతాది గిన్నే చూసుకుంటుందట! చదివి ఊరుకోలేకపోయాను. ఆ మూడు గంటల తర్వాత బీన్స్ ఏ అవతారంలో ఉంటాయో ఆయన ఎప్పుడైనా గరిటెతో పైకి తీసి చూశారా అని అనుమానం వచ్చింది.

నా వాదన ఇది. బీఫ్, కూరగాయలు కలిసిన సూపు చూడటానికి ఒక వంట, చేయడానికి రెండు వంటలు. మాంసానికి గంటలు కావాలి, కూరగాయకు నిమిషాలు చాలు. ఈ రెండింటినీ ఒకే గడియారానికి కట్టేస్తే ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే, ఆ నష్టపోయేది ఎప్పుడూ కూరగాయే. కాబట్టి కూరగాయలను రెండు విడతలుగా వేయాలి. మొదటి విడత నీటికి రుచి ఇవ్వడానికి, రెండో విడత మనం తినడానికి. మొదటి విడత పని అయిపోగానే దాన్ని గిన్నెలోంచి తీసేయాలి.

ఇంతవరకు ఎవరూ పెద్దగా గొడవ పడరు. తీసేసినదాన్ని ఏం చేయాలన్న దగ్గరే పేచీ వస్తుంది. దానికి తర్వాత వస్తాను.

మాంసం వైపు నుంచి

ముందు మాంసం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మూడు గంటలన్న లెక్క వచ్చింది దానివల్లే. సూపుకు పనికొచ్చేవి పిక్క, మెడ, భుజం, తోక. జంతువు బతికున్నంత కాలం బరువు మోసిన, కదిలిన భాగాలు ఇవి. వీటిలో కండపోగులను కట్టి ఉంచే కొలాజెన్ ఎక్కువ. మెత్తటి, ఖరీదైన నడుము ముక్క తెచ్చి సూపులో వేసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అందులో కరగడానికి కొలాజెన్ పెద్దగా ఉండదు. గంట ఉడికేసరికి అది ఎండిపోయి, నోట్లో పొడిపొడిగా తగులుతుంది.

నీళ్ళలో మునిగి ఉన్న మాంసం ఎండిపోవడమేమిటని చాలామంది నమ్మరు. కానీ అదే జరుగుతుంది. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగా కండపోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. చుట్టూ ఎంత నీరున్నా అది లోపలికి తిరిగి చేరదు. పిక్క మాంసాన్ని కాపాడేది కొలాజెనే. 60 దాటాక మెల్లగా మొదలై, 80 దాటాక వేగం పుంజుకుని, అది జెలటిన్‌గా మారుతుంది. ఆ జెలటిన్ పోగుల మధ్య చేరి ఎండిన కండకు జారుడుతనం ఇస్తుంది. సూపు పెదవులకు కాస్త అంటుకున్నట్టు అనిపిస్తే అది దాని పనే. మిగిలిన సూపును ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు గట్టిపడి వణికిందంటే వంట సరిగ్గా కుదిరినట్టు. ఈ మార్పుకు వేడి ఎంత అవసరమో సమయమూ అంతే అవసరం. మంట పెంచి సమయాన్ని తగ్గించలేము. పెంచితే పోగులు ఇంకా గట్టిగా ముడుచుకుంటాయి, అంతే.

అందుకే 'మరిగించండి' అన్న సలహాతోనూ నాకు తగాదా ఉంది. కిలో ఎముకతో ఉన్న పిక్క ముక్కలకు రెండున్నర లీటర్ల చల్లటి నీళ్ళు పోసి సన్నని సెగ మీద పెట్టి చూడండి. కాసేపటికి బూడిదరంగు తెట్టు ముందు సన్నటి నురగలా అంచుల్లో చేరుతుంది, తర్వాత మధ్యకు పాకి చాపలా పరుచుకుంటుంది. అప్పుడు గరిటెతో తీసేస్తే ఒకే పొరగా వచ్చేస్తుంది. అదే సమయంలో మంట పెంచితే నీళ్ళు కుతకుతలాడి ఆ తెట్టును, కొవ్వును నలిపి లోపలికి లాగేస్తాయి. ఇక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. సూపు మురికి నీళ్ళలా తయారవుతుంది. తెట్టు తీశాక గిన్నె ఒక పక్కన బుడగ లేచి, కాసేపాగి, మరో పక్కన ఇంకో బుడగ లేచేంత సెగ ఉంటే చాలు. 85 నుంచి 95 డిగ్రీల మధ్య అన్నమాట.

మాంసాన్ని ముందు వేయించాలా వద్దా? వేయించాలనే అంటాను, కానీ చాలామంది చెప్పే కారణానికి కాదు. మొదట్లోనే గట్టి వేడి తగిలితే ముక్క పైన పొర కట్టి రసాలు లోపలే ఉండిపోతాయన్న ఆలోచనకు ప్రచారం తెచ్చింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్, 1847లో. తర్వాత ఎందరో తూకం వేసి మరీ చూశారు. వేయించిన ముక్కా నీరు కోల్పోతుంది. పెనం మీద ఆ చిటపట శబ్దం ముక్కలోంచి కారుతున్న నీటిదే కదా! వేయించేది రంగు కోసం, రుచి కోసం. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగుకు తిరిగే ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మాయార్ పేరుతోనే పిలుస్తారు. అది చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీల వేడి కావాలి. నీరు 100 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి తడి ముక్కకు రంగు రాదు. ముక్కలను తుడిచి, పెనం కిక్కిరిసిపోకుండా, సగం ముక్కలను ఒక వైపు మాత్రం బాగా వేయించినా సరిపోతుంది. అన్నింటినీ ఆరు వైపులా తిప్పుతూ నిలబడటం శిక్షే తప్ప ప్రయోజనం లేదు. వేయించాక ఒక గరిటెడు నీళ్ళు పోసి, అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను గీకి గిన్నెలో కలపడం మాత్రం మరచిపోకూడదు. అసలు రుచి అక్కడే అంటుకుని ఉంటుంది.

తినని కూరగాయలు

ఇక అసలు విషయం. తెట్టు తీశాక మొదటి విడత వేస్తాను. సగానికి కోసి, కోసిన వైపు నల్లబడేదాకా కాల్చిన రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, రెండు సెలరీ కాడలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొన్ని మిరియాలు. అన్నీ పెద్ద ముక్కలే, తీసేయడానికి వీలుగా. ఇవి గంటన్నర ఉంటాయి. ఆ గంటన్నరలో వాటిలోని తీపి, వాసన, ఉప్పదనం అన్నీ నీటిలోకి దిగిపోతాయి. ఆ తర్వాత ఆ క్యారెట్‌ను తీసి కొరికి చూడండి. రంగు ఉంటుంది, ఆకారం ఉంటుంది, రుచి ఉండదు. నాలుక మీద మెత్తగా నలిగి మాయమవుతుంది, ఏం తిన్నామో గుర్తుండదు.

ఈ సంగతి నాకు బాగా పట్టుబడింది ఒక స్నేహితుల ఇంట్లో. సూపు గంటల తరబడి ఉడికింది, ఇల్లంతా ఘుమఘుమలాడింది. నా పక్కన కూర్చున్న వాళ్ళ ఎనిమిదేళ్ళ అబ్బాయి సూపు మొత్తం తాగాడు, మాంసం మొత్తం తిన్నాడు, క్యారెట్ ముక్కలను మాత్రం ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున వరుసగా పేర్చాడు. తల్లి కోప్పడింది, కూరగాయలు తింటే ఒంటికి మంచిదని చెప్పింది. వాడు "ఇందులో ఏమీ లేదమ్మా" అన్నాడు. మారాం అనుకున్నారు అందరూ. వాడి మాటలో తప్పేమీ నాకు కనబడలేదు. అదే అబ్బాయి పచ్చి క్యారెట్ కరకరా నములుతాడు.

అలాగని ఆ ముక్కలను చెత్తబుట్టలో వేస్తుంటే చూస్తూ ఊరుకునేవాళ్ళు తక్కువ. మా వదిన మా ఇంట్లో వంట చూస్తూ చూస్తూ, నేను జల్లెడలోంచి ఉల్లిపాయా క్యారెట్లూ బుట్టలోకి వంచుతుంటే చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "తిండిని ఇలా పారబోస్తారా ఎవరైనా? నీకు రుచి లేదేమో, అందులో బలం ఉండదా?" అంది. చెరకు రసం తీశాక పిప్పిని పారేస్తాం కదా వదినా అన్నాను. "పిప్పి నమలలేం కాబట్టి పారేస్తాం. ఇవి నమలక్కర్లేకుండానే దిగుతాయి" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

తర్వాత ఆలోచిస్తే ఆమె మాటలో సగం నిజం ఉంది. నీటిలో కరిగే విటమిన్లు, లవణాలు చాలావరకు సూపులోకి వచ్చేస్తాయి, ఆ సూపు మనం తాగుతాం కాబట్టి అవి పోలేదు. మిగిలేది పీచు. అది విలువైనదే. మిగతా సగంతో మాత్రం ఏకీభవించలేను. ఎంతసేపు ఉడికితే అంత బలం అన్న నమ్మకం చాలా పాతది, తెలివైనవాళ్ళనే మోసం చేసింది. 1790లలో మ్యూనిక్‌లో పేదల కోసం బార్లీ, బఠాణీ, బంగాళాదుంపలతో సూపు వండించిన కౌంట్ రమ్‌ఫర్డ్ వేడి మీద ఎంతో పరిశోధన చేసినవాడు. గంటల తరబడి ఉడికిన సూపులో నీళ్ళే ఆహారంగా మారతాయని ఆయన గట్టిగా నమ్మాడు. నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. తర్వాత పారిస్‌లో ఎముకల జెలటిన్‌తో ఆసుపత్రులలో కడుపు నింపవచ్చన్న ఉత్సాహం నడిచింది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త మజాండీ ఆధ్వర్యంలోని సంఘం కుక్కల మీద ప్రయోగాలు చేసి, జెలటిన్ ఒక్కదానితో ప్రాణం నిలవదని 1841లో తేల్చింది. మన శరీరానికి తప్పనిసరి అయిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం జెలటిన్‌లో లేదన్నది ఆ తర్వాత తెలిసిన కారణం. ఎముకల సూపును సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ.

వదిన కోసం ఒక మెట్టు దిగాను. ఉల్లిపాయనూ క్యారెట్‌నూ వెల్లుల్లినీ గరిటె వెనుకతో చిదిపి మళ్ళీ సూపులో కలిపితే చిక్కదనం వస్తుంది. సూపు తేటగా ఉండాలన్న పట్టింపు లేని రోజు అది మంచి పద్ధతే. సెలరీని మాత్రం చిదపడానికి లేదు, పోగులు పంటిలో ఇరుక్కుంటాయి. బంగాళాదుంపా క్యాబేజీ ఆ విడతలోకి అసలు రావు. బంగాళాదుంప విచ్చిపోయి సూపును గంజిగా మారుస్తుంది. క్యాబేజీ ఎంతసేపు ఉడికితే దానిలోని గంధక పదార్థాలు అంత ఘాటుగా వాసన వేస్తాయి. మూడు గంటలు ఉడికిన క్యాబేజీ వాసన ఇంటి తెరలకు పట్టుకుంటుంది.

తినే కూరగాయలు

మాంసం ముక్కలో ఫోర్కు గుచ్చితే అడ్డు లేకుండా దిగి, ముక్క ఫోర్కుతో పాటు పైకి లేవకుండా జారిపోతే మాంసం పని అయినట్టే. పిక్కకు రెండున్నర, మూడు గంటలు పడుతుంది. దానికి అరగంట ముందు రెండో విడత మొదలవ్వాలి. బార్లీ వేయాలనుకుంటే అది ఇంకా ముందు, ముప్పావుగంట పడుతుంది, గుప్పెడు మించకూడదు. క్యారెట్‌కు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. బంగాళాదుంపకు ముక్కను బట్టి పదిహేను, ఇరవై. ఉడికినా విచ్చుకోని గట్టి రకం దొరికితే అదే మేలు. బీన్స్‌కు పది, క్యాబేజీకి ఎనిమిది. పచ్చి బఠాణీని దించే ముందు వేస్తే చాలు. ముక్కలన్నీ చెంచాలో పట్టేంతే ఉండాలి. చెంచాతో తినే వంటలో కత్తి అడగడం మర్యాద కాదు.

టమాటా దగ్గర చాలామంది బోల్తా పడతారు. కూరగాయల కణాల గోడలను కలిపి ఉంచే పెక్టిన్ వేడికి కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పులుపు ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. ముందే టమాటాలు దండిగా వేసేస్తే బంగాళాదుంప ఎంతసేపటికీ మధ్యలో గట్టిగానే ఉండిపోతుంది, పాపం వంట చేసేవాళ్ళు దుంపను తిడతారు. దుంపలు మెత్తబడ్డాకే టమాటా. కానీ టమాటా అసలే వద్దని మాత్రం అనకండి. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెదా కనిపెట్టిన గ్లుటమేట్ రుచి టమాటాలోనూ పుట్టగొడుగుల్లోనూ ఉంది. మాంసంలో అలాంటి రుచినే ఇచ్చే ఇనోసినేట్ అనే పదార్థం ఉంది. ఈ రెండూ కలిసినప్పుడు నాలుకకు తెలిసే రుచి విడివిడి రుచుల మొత్తం కంటే చాలా ఎక్కువ. ఒక చెంచాడు టమాటా గుజ్జును మాంసం వేయించిన అడుగులోనే వేసి రంగు మారేదాకా వేయిస్తే, పులుపు అంతగా అడ్డుపడకుండా ఆ లాభం దక్కుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టే రెండు ప్రశ్నలు

మొదటిది: క్యారెట్ రుచి నీటిలోకి పోయిందని పారేస్తే, మూడు గంటలు ఉడికిన మాంసం రుచీ నీటిలోకి పోయినట్టే కదా, దాన్ని ఎందుకు తింటున్నావు? న్యాయమైన ప్రశ్న. మాంసం కూడా చాలా ఇచ్చేస్తుంది, కాదనను. అయితే మాంసానికి బదులు ఒకటి దొరుకుతుంది. ఇచ్చిన రసానికి బదులుగా కొలాజెన్ జెలటిన్ అయి ముక్కను మెత్తగా, తినడానికి హాయిగా మారుస్తుంది. క్యారెట్‌కు అలాంటి ప్రతిఫలం ఏమీ లేదు, ఇవ్వడమే తప్ప పుచ్చుకోవడం ఉండదు. ఎముకలను, బాగా పీచుగా ఉన్న తునకలను నేనూ తీసేస్తాను. కాబట్టి నా సూత్రం మాంసానికీ వర్తిస్తుంది, కాకపోతే మాంసం చాలావరకు పరీక్ష నెగ్గుతుంది.

రెండోది ఇంకా చిక్కు ప్రశ్న. పొద్దున అన్నీ కలిపి విద్యుత్తు స్లో కుక్కర్‌లో పడేసి సాయంత్రానికి తినేవాళ్ళు, తమ క్యారెట్లు చక్కగా నిలిచి ఉంటాయని చూపిస్తారు. నిజమే, నేనూ తిన్నాను. పెక్టిన్ బాగా కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి రావాలి. ఆ కుక్కర్ అక్కడికి చేరడానికి గంటలు తీసుకుంటుంది. కొలాజెన్‌కు ఆ అవసరం లేదు, ఇంకా తక్కువ వేడిలోనే కరగడం మొదలుపెడుతుంది. అందువల్ల ఆ కుక్కర్‌లో మాంసం మెత్తబడ్డాక కూడా క్యారెట్ గట్టిగా ఉండటం వింత కాదు. అక్కడ నా గడియారం లెక్క తలకిందులవుతుంది. అయితే గట్టిగా ఉన్నంత మాత్రాన రుచి ఉన్నట్టు కాదు. ఎనిమిది గంటలు నీళ్ళలో నానిన ముక్క నిలబడి ఉన్నా చప్పగానే ఉంటుంది. పొద్దున్నే పనికి వెళ్ళి చీకటి పడ్డాక ఇంటికి చేరేవాళ్ళకు ఈ వాదన వినిపించడానికి మాత్రం నాకు నోరు రాదు. వేడివేడిగా సూపు ఎదురుచూస్తూ ఉండటం కూడా ఒక రుచే.

ప్రెషర్ కుక్కర్ వాళ్ళతో నాకు పేచీ లేదు. 1679లో దెనీ పాపాన్ ఎముకలను మెత్తబరచడానికి తయారు చేసిన మూత బిగించిన పాత్రే దీనికి పూర్వీకురాలు. ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి పిక్క ముక్కలు ముప్పావుగంటలో మెత్తబడతాయి. ఆవిరిని ఒక్కసారిగా వదిలేస్తే లోపల సూపు భగ్గున మరిగి చెదిరిపోతుంది కనుక దాని మానాన అది చల్లారాలి. మూత తీశాక రెండో విడత కూరగాయలు వేసి మామూలు మంట మీద ఉడికించాలి. చూడండి, సమయం ఎంత తగ్గినా క్రమం మారలేదు. ఆ కుక్కర్‌లో బీన్స్‌ను కూడా మాంసంతో పాటే వేసినవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాటి సూపు

మర్నాడే రుచిగా ఉంటుంది కదా, అన్నీ కలిసిపోవడంలోనే అందం కదా అంటారు. నీటికీ మాంసానికీ అది నిజం, కూరగాయలకు కాదు. రాత్రి నిలవ ఉన్న సూపులో బార్లీ నీటినంతా పీల్చేసుకుని ఉబ్బుతుంది, బఠాణీ రంగు చెడుతుంది, క్యాబేజీ వాసన మొదలవుతుంది. అందుకే ఎక్కువ మొత్తంలో చేసేటప్పుడు నేను మొదటి విడత తీసేశాక, మాంసమూ దాదాపు మెత్తబడగానే, మర్నాటికి కావలసినంత సూపును మాంసంతో సహా పక్కకు తీసేస్తాను. ఆ రోజు తినేదానిలోనే రెండో విడత పడుతుంది. మర్నాడు పైన గడ్డకట్టిన కొవ్వును తీసేసి, వేడి చేసి, కొత్తగా కూరగాయలు వేస్తే అరగంటలో సూపు సిద్ధం.

పక్కకు తీసినదాన్ని పొయ్యి మీదే రాత్రంతా వదిలేయకూడదు. మాంసం సూపులో బతికే క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటినీ తట్టుకుంటాయి. పెద్ద గిన్నె మెల్లగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్నన్ని గంటలూ అవి మొలకెత్తి వేగంగా పెరుగుతాయి. వెడల్పాటి లోతు తక్కువ గిన్నెల్లోకి వంచి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, తినే ముందు మళ్ళీ బాగా మరగాలి. ఇక్కడ మాత్రం కుతకుతలాడించినా నాకు అభ్యంతరం లేదు. ఇంకా ఎక్కువ రోజులకు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలంటే సూపునూ మాంసాన్నీ మాత్రమే పెట్టండి. గడ్డకట్టి కరిగిన బంగాళాదుంప నీరొదిలి రవ్వరవ్వగా తయారవుతుంది, దాన్ని ఏ విడతలో వేసినా లాభం లేదు.